దిమ్మ తిరిగిన ఆటగాడు – కోచ్ కర్తవ్యం
(తృతీయ సంవత్సరం బి.యస్సీ.)

రగ్బీ అంటే మన కళాశాలలో చాలామందికి కోడిగుడ్డు ఆకారపు బంతి, బురద, తోపులాట – అంతవరకే తెలుసు. జట్టుకి పదిహేనుమంది. బంతి పట్టుకొని పరుగెత్తేవాణ్ణి ఎదుటి జట్టువాడు చేతులతో చుట్టి నేలమీద పడవేస్తాడు. దీనినే టాకిల్ అంటారు. మన కబడ్డీలో పట్టు వంటిదే గాని, ఇక్కడ ఇద్దరూ పరుగుమీద ఉంటారు. తలకి దెబ్బలు ఎక్కువభాగం ఈ టాకిల్‌లోనే తగులుతాయి. అందులోనూ పట్టుబడినవాడికంటె పట్టబోయినవాడికే ఎక్కువ! ఆ దెబ్బకి మెదడు కుదుపుకు లోనవడాన్ని వైద్యులు కంకషన్ అంటారు. మన ఊళ్ళో అయితే దిమ్మ తిరిగిందంటాం.

2013 మే నెలలో, కెనడాలోని ఒట్టావాలో, రోవన్ స్ట్రింగర్ అనే పదిహేడేళ్ళ అమ్మాయి ఒక్క వారంలో మూడు ఆటలు ఆడింది. తన హైస్కూలు రగ్బీ జట్టుకి ఆమె కెప్టెన్. మొదటి రెండు ఆటల్లోనూ తలకి దెబ్బ తగిలింది. తలనొప్పిగా ఉందని స్నేహితులకి చెప్పింది. కంకషన్ అంటే ఏమిటో ఫోనులో వెతికి చూసుకుంది కూడా. ఇంట్లో చెప్పలేదు, కోచ్‌కి చెప్పలేదు. మూడో ఆటలో టాకిల్‌కి కింద పడింది, మరి కోలుకోలేదు. నాలుగు రోజులకి పోయింది. అంతకుముందు, 2011 జనవరిలో, ఉత్తర ఐర్లండ్‌లో బెంజమిన్ రాబిన్సన్ అనే పద్నాలుగేళ్ళ కుర్రాడు స్కూలు ఆటలో దెబ్బమీద దెబ్బ తిని, ఆడుతూనే ఉండి, చివరి నిమిషాల్లో కూలిపోయాడు. మొదటి దెబ్బ మానకుండానే రెండోది తగలడం వల్ల ప్రాణం పోయిందని 2013లో కరోనర్ విచారణలో తేలింది. ఇటువంటి మరణాలు అరుదు. కాని ఆ మొదటి దెబ్బ దగ్గర ఎవరైనా "ఇక చాలు, బయటికి రా" అని ఉంటే ఆపగలిగినవి.

అసలు లోపల ఏం జరుగుతుంది? దుత్తలో తోడుపెట్టిన పెరుగుని బండిమీద పెట్టి గతుకుల్లో తోలండి. దుత్త పగలదు, పెరుగు మాత్రం చెదురుతుంది. పుర్రెలో ద్రవం మధ్య ఉన్న మెదడు పరిస్థితి అదే. తల గభాలున తిరిగినప్పుడు సన్నని నరాల పోగులు సాగుతాయి. కణాలలోని పొటాషియం బయటికి పోతుంది, కాల్షియం లోపలికి చొరబడుతుంది. ఆ లెక్క సరిచేసుకోవడానికి కణానికి శక్తి విపరీతంగా కావాలి. సరిగ్గా అప్పుడే మెదడుకి రక్తప్రసారం తగ్గుతుంది. పంట పొట్టమీద ఉన్నప్పుడు కాలవ కట్టేసినట్టన్నమాట. ఈ గడ్డుకాలంలో ఇంకో దెబ్బ తగిలితే తట్టుకొనే బలం ఉండదు. ఇదంతా కణాల స్థాయిలో జరిగే గొడవ కనుక సి.టి. స్కాన్‌లో సాధారణంగా ఏమీ కనబడదు. "స్కానింగ్ బాగానే ఉంది, ఆడించెయ్యండి" అనేవాళ్ళు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

మన జనంలో ఇంకొక అపోహ – స్పృహ తప్పితేనే పెద్దదెబ్బ అని. నిజానికి కంకషన్ అయినవాళ్ళలో స్పృహ తప్పేవారు పదిమందిలో ఒకరికన్నా తక్కువే. కాబట్టి కోచ్ చూడవలసినవి వేరు. లేవడానికి ఆలస్యం చేస్తున్నాడా? తూలుతున్నాడా? చూపు శూన్యంగా ఉందా? తల పట్టుకున్నాడా? చెప్పిందే చెబుతున్నాడా? కొందరు ఊరికే ఏడుస్తారు, కొందరు కసురుకుంటారు. దగ్గరికి వెళ్ళి – మనం ఏ మైదానంలో ఉన్నాం, ఇది మొదటి సగమా రెండోదా, చివరి పాయింటు ఎవరిది, పోయిన ఆట ఎవరితో ఆడాం – అని అడగాలి. తప్పు చెబితే అనుమానం రూఢి అయినట్టే. అన్నీ ఒప్పు చెప్పినా కుర్రాడు బాగున్నాడని పట్టా ఇచ్చినట్టు కాదు. అనుమానం ఉన్నదంటే ఆ రోజుకి ఆట లేదు. స్కాట్లండ్ వారు 2015లో అన్ని ఆటలకీ కలిపి ఇదే నియమం పెట్టారు.

మెడనొప్పి, మాటిమాటికీ వాంతులు, ఫిట్స్, కాళ్ళుచేతులు తిమ్మిరెక్కడం, మగత పెరగడం – వీటిలో ఏది కనబడినా ఆస్పత్రికే. మెడ అనుమానమైతే తెలిసినవాళ్ళు వచ్చేదాకా కదపకూడదు. మా ఊళ్ళో సంక్రాంతి కబడ్డీలో దిమ్మ తిరిగినవాడికి నీళ్ళు చల్లి, ఉల్లిపాయ వాసన చూపించి, రెక్క పట్టి లేపి "ఏంరా, మగాడివి కాదూ?" అంటారు. కాలు బెణికిన ఎద్దుకి మాత్రం వారం దాకా కాడి కట్టరు!

ఇంటికి పంపాక మొదటి ఇరవైనాలుగు గంటలూ ఒంటరిగా వదలరాదు. రెండు రోజులు విశ్రాంతి, ఫోను, టీ.వీ. బాగా తగ్గించాలి. అలాగని చీకటిగదిలో పడుకోబెట్టనక్కరలేదు. నెమ్మదిగా నడవడం మంచిదేనని ఇప్పటి శాస్త్రం చెబుతోంది. ముందు చదువు, తరువాత ఆట. క్లాసులో కూర్చుంటే తలనొప్పి వచ్చేవాడు మైదానానికి ఎలా వస్తాడు? 2023లో బ్రిటన్‌లో వెలువడిన సూచనల ప్రకారం, ఏ లక్షణమూ లేకుండా పద్నాలుగు రోజులు గడిస్తే తప్ప ఒంటికి ఒళ్ళు తగిలే సాధన చేయించకూడదు. పోటీ ఆటకి దెబ్బ తగిలిననాటినుంచి కనీసం ఇరవైయొక్క రోజులు ఆగాలి. మెత్తటి టోపీ పెట్టుకుంటే కంకషన్ రాదనుకోవడం పొరపాటు. అది చర్మం గీరుకుపోకుండా కాపాడుతుంది, లోపలి కుదుపును ఆపదు. దానికన్నా నడుము వంచి, తల పక్కకి పెట్టి, కింద పట్టు పట్టడం నేర్పితే మేలు.

ఒంటేరియో రాష్ట్రం 2018లో ఆ అమ్మాయి పేరనే రోవన్ చట్టం చేసింది. ఆటగాళ్ళూ, తల్లిదండ్రులూ, కోచ్‌లూ ఏటేటా ఈ విషయాలు చదివి తీరాలి. అనుమానమున్నవాణ్ణి ఆటనుంచి తప్పించి తీరాలి.

మనలో సెలవులకి ఊరెళ్ళి పిల్లలకి కబడ్డీ నేర్పేవారు చాలామంది ఉన్నారు, నేనూ ఒకణ్ణి. కబడ్డీలోనూ మోకాలు తలకి తగులుతుంది, తలా తలా కొట్టుకుంటాయి. ఈ ఇరవైయొక్క రోజుల లెక్క అక్కడ వేసి చూడండి. భోగినాడు దిమ్మ తిరిగిన కుర్రాడు ఫిబ్రవరి మొదటివారం దాకా పోటీకి దిగరాదు. అంటే కనుమనాటి ఫైనల్‌కి లేనట్టే. ఆ మాట కుర్రాడికి చెప్పడం సులువే. బహుమతికి చందా ఇచ్చిన పెద్దలకీ, వాళ్ళ నాన్నకీ చెప్పవలసింది కూడా కోచే. అదీ ఆట మొదలవకముందే, పేర్లు రాసుకునే రోజునే చెప్పి ఒప్పించుకోవాలి.