మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతాలలో సామాజిక పనులకు ప్రభుత్వ నిధులు

మేడ్చల్, శామీర్‌పేట హైదరాబాదుకు ఉత్తరాన, మేడ్చల్-మల్కాజ్‌గిరి జిల్లాలో ఉన్న మండల కేంద్రాలు. ఈ ప్రాంతంలో సామాజిక భవనం, గ్రంథాలయం, మురుగు కాలువ, శ్మశానవాటిక, చెరువు మరమ్మతు వంటి ఉమ్మడి పనులకు కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాల నుండి నిధులు లభించే మార్గాలను ఈ వ్యాసం వివరిస్తుంది. అమెరికా వంటి దేశాలలో స్వచ్ఛంద సంఘం ప్రతిపాదన వ్రాసి, పోటీలో నెగ్గి, నేరుగా ప్రభుత్వ గ్రాంటు పొందే పద్ధతి విస్తృతంగా ఉంది. భారతదేశంలోనూ అటువంటి గ్రాంట్లు లేకపోలేదు. కానీ ఊరి పనికి డబ్బు ప్రధానంగా స్థానిక సంస్థ ద్వారా గాని, ప్రజాప్రతినిధి సిఫారసు ద్వారా గాని వస్తుంది. కాబట్టి ఆ ఊరు చట్టం దృష్టిలో పంచాయతీయా, పురపాలక సంఘమా అన్నది ముందుగా తేల్చుకోవలసిన విషయం. ఈ ప్రాంతంలో దానికి సమాధానం 2018 - 2025 మధ్య పలుమార్లు మారింది.

ఊరి హోదాలో మార్పులు

2016 అక్టోబరు 11 వరకు ఈ రెండు మండలాలు రంగారెడ్డి జిల్లాలో ఉండేవి. 2018లో తూంకుంట, గుండ్లపోచంపల్లి పురపాలక సంఘాలుగా ఏర్పడ్డాయి. 2024 సెప్టెంబరులో బాహ్య వలయ రహదారి పరిసరాలలోని పంచాయతీలను సమీప పురపాలక సంఘాలలో కలిపినప్పుడు శామీర్‌పేట తూంకుంటలో చేరింది. మిగిలిన పంచాయతీలతో 2025 జనవరిలో అలియాబాద్, ఎల్లంపేట, మూడుచింతలపల్లి పురపాలక సంఘాలు ఏర్పడ్డాయి. దీనితో జిల్లాలో గ్రామ పంచాయతీ అన్నదే లేకుండా పోయింది. 2025 డిసెంబరులో తెలంగాణలో పంచాయతీ ఎన్నికలు 31 జిల్లాలలో జరుగగా, హైదరాబాదుతో పాటు ఈ జిల్లాలో ఎన్నికలు లేకపోవడానికి కారణం ఇదే. అదే నెలలో మేడ్చల్, తూంకుంట సహా 27 పురపాలక సంస్థలు హైదరాబాదు మహానగర పాలక సంస్థలో విలీనమయ్యాయి.

పటంలో గీతలు మారినంత తేలికగా పొలాలు, పశువులు, కూలి పనులు మారవు. కానీ నిధుల పద్దులు మాత్రం ఉత్తర్వు వెలువడిన నాటి నుండి మారతాయి. జాతీయ గ్రామీణ ఉపాధి హామీ చట్టం 2005లో ఆమోదం పొంది, 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో అమలుకు వచ్చింది. అది పట్టణ ప్రాంతాలకు వర్తించలేదు. తెలంగాణ గ్రామాలలో అనేక వైకుంఠధామాలు, చెత్త వేరుచేసే షెడ్లు, నర్సరీలు ఈ నిధులతోనే వచ్చాయి. ఊరు పురపాలక సంఘం కాగానే అక్కడి కూలీలకు ఆ పని దినాలు, ఊరికి ఆ నిర్మాణాల మార్గం రెండూ పోయాయి. 2025 డిసెంబరులో పార్లమెంటు దీని స్థానంలో మరొక చట్టాన్ని ఆమోదించింది. అందులోని హామీ కూడా గ్రామీణ కుటుంబాలకే పరిమితం.

ఆర్థిక సంఘం నిధులు

రాజ్యాంగపు 73వ సవరణ పంచాయతీలకు 29 అంశాలను, 74వ సవరణ పురపాలక సంఘాలకు 18 అంశాలను బదలాయించడానికి వీలు కల్పించాయి. వీటికి కేంద్రం ఇచ్చే గ్రాంటును ఆర్థిక సంఘం నిర్ణయిస్తుంది. 14వ ఆర్థిక సంఘం (2015 - 20) గ్రామీణ వాటాను గ్రామ పంచాయతీలకే కేటాయించగా, 15వ సంఘం మండల, జిల్లా పరిషత్తులకూ వాటా ఇచ్చింది. 2021 - 26 కాలంలో గ్రామీణ గ్రాంటులో 60 శాతాన్ని తాగునీరు, పారిశుద్ధ్యం పనులకే వాడవలసి ఉండేది. మిగిలిన 40 శాతంతో స్థానిక అవసరాన్ని బట్టి పనులు చేసుకోవచ్చు, కాని జీతాలకు వాడరాదు. గ్రంథాలయం కావాలని ఊరంతా కోరుకున్నా, తాగునీటి పద్దులోని డబ్బుతో దానిని కట్టడం సాధ్యం కాదు. 16వ ఆర్థిక సంఘం సిఫారసుల కాలం 2026 - 31.

ఈ గ్రాంటుకు మరొక షరతు ఎన్నికైన పాలకవర్గం ఉండడం. 2019 జనవరిలో ఎన్నికైన తెలంగాణ పంచాయతీల పదవీకాలం 2024 ఆరంభంలో ముగిసింది. తరువాత ప్రత్యేకాధికారుల పాలనలో ఉన్న కాలానికి కేంద్ర నిధులు నిలిచిపోయాయి. ఎన్నికలు వాయిదా పడడం రాజకీయ వార్తగానే కనిపిస్తుంది గాని, వీధి దీపం వెలగకపోవడానికి, ట్రాక్టరుకు డీజిలు లేకపోవడానికి కూడా అదే కారణం కావచ్చు.

పార్లమెంటు, శాసనసభ సభ్యుల నిధులు

పార్లమెంటు సభ్యుల స్థానిక ప్రాంత అభివృద్ధి పథకం 1993 డిసెంబరులో మొదలయింది. 2011 - 12 నుండి ఒక్కొక్క సభ్యునికి ఏడాదికి 5 కోట్ల రూపాయలు కేటాయిస్తున్నారు. కరోనా కారణంగా 2020 ఏప్రిల్‌లో నిలిపివేసిన ఈ పథకాన్ని 2021 నవంబరులో పునరుద్ధరించారు. ఈ డబ్బు సభ్యుని చేతికి రాదు. ఆయన పనిని సిఫారసు చేస్తారు, జిల్లా యంత్రాంగం పరిశీలించి మంజూరు చేస్తుంది. శాశ్వతమైన ఉమ్మడి ఆస్తులకే ఇది వర్తిస్తుంది. ప్రార్థనా స్థలాలకు, వ్యాపార సంస్థలకు, ప్రైవేటు ఆస్తులకు పనికిరాదు.

మేడ్చల్, శామీర్‌పేట మల్కాజ్‌గిరి లోక్‌సభ నియోజకవర్గంలో ఉన్నాయి. ఓటర్ల సంఖ్యలో ఇది దేశంలోనే అతి పెద్దది. 2019లో ఇక్కడ 31 లక్షలకు పైగా ఓటర్లుండగా లక్షద్వీప్‌లో 60 వేల లోపే ఉన్నారు. రెండింటికీ కేటాయింపు మాత్రం అదే 5 కోట్లు. అంటే మల్కాజ్‌గిరిలో ఓటరు తలకు ఏడాదికి సుమారు 16 రూపాయలు. ఈ పథకాన్ని నమ్ముకొని అర్జీ పెట్టే ఊరివారు గమనించవలసిన లెక్క ఇది. శాసనసభ్యుల నియోజకవర్గ అభివృద్ధి నిధిని తెలంగాణలో 2021లో 3 కోట్ల నుండి 5 కోట్లకు పెంచారు. అక్కడా ఇదే ఇబ్బంది ఉంది. 2023 ఎన్నికల నాటికి మేడ్చల్ శాసనసభ నియోజకవర్గంలో ఓటర్లు 6 లక్షలు దాటారు.

రాష్ట్ర పథకాలు, స్థానిక ఆదాయం

ఉమ్మడి రాష్ట్రంలో 1997 జనవరిలో ప్రారంభమైన జన్మభూమి కార్యక్రమంలో ప్రజలు డబ్బు, సామగ్రి లేదా శ్రమ రూపంలో తమ వాటా చేర్చేవారు. తెలంగాణలో 2015లో మొదలైన మిషన్ కాకతీయ చెరువుల పూడికతీతకు, 2019 సెప్టెంబరులో మొదలైన పల్లె ప్రగతి పంచాయతీలకు, 2020 ఫిబ్రవరిలో మొదలైన పట్టణ ప్రగతి పురపాలక సంఘాలకు నిధులిచ్చాయి. పంచాయతీరాజ్ చట్టం (2018), పురపాలక చట్టం (2019) రెండూ బడ్జెటులో 10 శాతాన్ని పచ్చదనానికి కేటాయించాలన్నాయి. ఊరి హోదా మారినా చెక్కుచెదరని కొద్ది పద్దులలో ఇది ఒకటి.

నగర శివారు కావడం వల్ల ఈ ప్రాంతానికి ఒక అనుకూలత ఉంది. భూముల రిజిస్ట్రేషన్లపై వచ్చే ఆస్తి బదిలీ సుంకంలో స్థానిక సంస్థకు వాటా ఉంటుంది, ఇళ్ళ పన్ను ఏటా పెరుగుతుంది. మారుమూల మండలాలకు ఈ ఆదరువు లేదు.

స్వచ్ఛంద సంఘాలు, కంపెనీల నిధులు

స్వచ్ఛంద సంస్థలకు గ్రామీణ పనుల కోసం నేరుగా గ్రాంట్లు ఇవ్వడానికి కేంద్రం 1986లో కపార్ట్‌ను నెలకొల్పింది. తరువాత దానిని రాజేంద్రనగర్‌లోని జాతీయ గ్రామీణాభివృద్ధి, పంచాయతీరాజ్ సంస్థలో విలీనం చేశారు. కేంద్ర మంత్రిత్వ శాఖల గ్రాంటు కోరే సంఘం నీతి ఆయోగ్ వారి ఎన్జీవో దర్పణ్‌లో నమోదై విశిష్ట సంఖ్య పొందాలి. సొసైటీ రిజిస్ట్రేషన్, తనిఖీ చేయించిన జమా ఖర్చులు, పాన్ ఉండాలి. డబ్బు ఖర్చయిన తరువాత వినియోగ ధ్రువపత్రం సమర్పించాలి. చాలా సంఘాలు దరఖాస్తు దగ్గర కాక, ఈ పత్రం దగ్గర చిక్కుకుంటాయి. మొదటి విడతకు లెక్క చూపనిదే రెండవ విడత రాదు.

కంపెనీల చట్టం (2013) 135వ సెక్షను ప్రకారం నికర విలువ 500 కోట్లు, టర్నోవరు 1000 కోట్లు, నికర లాభం 5 కోట్లు - వీటిలో ఏ ఒక్క పరిమితిని చేరిన కంపెనీ అయినా గడచిన మూడేళ్ళ సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యతకు ఖర్చు చేయాలి. తాను పనిచేసే ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలని కూడా ఆ సెక్షను చెబుతుంది. ఇది ప్రభుత్వ నిధి కాదు. అయినా తుర్కపల్లి పరిసరాలలో జీనోమ్ వ్యాలీ ఔషధ, టీకా పరిశ్రమలు ఉన్నందున శామీర్‌పేట వైపు పాఠశాలలకు, తాగునీటికి దీనిని విడిచిపెట్టడానికి లేదు. ఈ డబ్బుతో పనిచేసే సంఘాలు 2021 ఏప్రిల్ నుండి కేంద్ర కంపెనీ వ్యవహారాల శాఖ వద్ద నమోదు కావాలి.

మంజూరు విధానం

పంచాయతీలో పని గ్రామసభ తీర్మానంతో మొదలవుతుంది. 2018 చట్టం ప్రకారం గ్రామసభ రెండు నెలలకొకసారి జరగాలి. తీర్మానంలోని పని గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళికలో చేరాలి. చేరని పనికి ఆర్థిక సంఘం నిధి వాడడానికి వీలుండదు. తరువాత ఇంజనీరు అంచనా, పాలనా మంజూరు, సాంకేతిక మంజూరు, పని జరిగాక కొలతల పుస్తకంలో నమోదు, బిల్లు. స్థలం ముందే పంచాయతీ పేరున ఉండాలి. దాత నోటి మాటగా ఇచ్చిన స్థలంలో భవనం మంజూరు కాదు, దానపత్రం రిజిస్టరు చేయించాలి. నగర శివారులో గజం ధర పెరిగిన కొద్దీ ఇటువంటి దానాలు అరుదవుతున్నాయి.

పురపాలక సంఘంలో గ్రామసభ ఉండదు. 2019 చట్టం వార్డుకు యువత, మహిళలు, వయోవృద్ధులు, ప్రముఖ పౌరులతో నాలుగు కమిటీలను, ఒక్కొక్కదానిలో 15 మంది సభ్యులను నిర్దేశించింది. గ్రామసభలో ఓటరు ఎవరైనా లేచి అడగవచ్చు, వార్డు కమిటీలో సభ్యుడు కానివానికి ఆ హక్కు లేదు. శామీర్‌పేట చెరువు వంటి వాటి విషయంలో మరొక చిక్కు ఉంది. చెరువు కట్ట, తూములు నీటిపారుదల శాఖవి. పరిసరాల అభివృద్ధి నియంత్రణ 2008లో ఏర్పడిన హైదరాబాదు మహానగరాభివృద్ధి సంస్థది. చుట్టూ చెత్త ఎత్తవలసినది స్థానిక సంస్థ. కట్ట మీద బెంచీలు వేయాలన్నా, తూము బాగుచేయాలన్నా అర్జీ వేరువేరు కార్యాలయాలకు వెళ్ళాలి.