పొయ్యిలోకి ఏ కట్టె మేలు?

2014వ సంవత్సరం అక్టోబరు 12, ఆదివారం. విశాఖపట్నం వాసులెవరూ ఆ దినమును మరువలేరు. గంటకు సుమారు 180 కిలోమీటర్ల వేగంతో వీచిన హుద్‌హుద్ పెనుగాలి నగరంలోని మహావృక్షాలను వేళ్లతో సహా పెకలించి వీధులలో పరచినది. ఆ సాయంత్రానికి మా వీధిలో నిలిచి ఉన్న చెట్టు ఒక్కటైనా లేదు. విద్యుత్తు లేదు, ఫోను లేదు. మరునాటికి మా ఇంట గ్యాసు బండ కూడా ఖాళీ అయినది. కొత్త బండ రావలసిన దారి చెట్లతో మూసుకొని పోయినది.

పెరటిలో మూలనున్న మట్టిపొయ్యిని మావారు బయటికి తీశారు. కట్టెలకు కొదువేమున్నది? వాకిట్లోనే ఒక తురాయి చెట్టు అడ్డంగా పడి ఉన్నది. దాని కొమ్మలు నరికి తెచ్చారు. వాన జల్లు పడకుండా వెనుక వసారాకు మూడు వైపులా పట్టాలు కట్టి నేను పొయ్యి వెలిగించాను. ఎంత ఊదినా మంట నిలువలేదు గాని, పొగ మాత్రం ఇల్లంతా నిండినది. మూడవనాడు మావారు ఎక్కడినుండో ఓడ సరుకుల పెట్టెల చెక్కలు కొన్ని సంపాదించి తెచ్చారు. అవి భగభగ మండినవి. అన్నం ఉడికినది. ఆ రాత్రి మా అత్తగారికి ఊపిరి అందలేదు.

ఆమెకు అప్పటికి డెబ్బది రెండేళ్లు. చిరకాలంగా ఉబ్బసం ఉన్నది. పడిపోయిన చెట్ల సందుల గుండా, చీకటిలో, మావారూ పక్కింటి అబ్బాయీ ఆమెను కుర్చీలో కూర్చుండబెట్టి మోసుకొని ఆసుపత్రికి చేర్చారు. ప్రాణవాయువు పెట్టిన తరువాత తెల్లవారుజామునకు తేరుకున్నారు. వైద్యులు నన్ను అడిగిన మొదటి ప్రశ్న "ఇంట్లో ఏమి కాల్చారమ్మా?" అని. "కట్టెలండీ" అన్నాను. "ఏ కట్టెలు?" అన్నారు. నా వద్ద సమాధానము లేదు. ముప్పది ఏండ్లుగా వంట చేస్తున్న నాకు పొయ్యిలో పెట్టిన దాని సంగతి తెలియదు!

ఇంటికి వచ్చిన తరువాత అత్తగారే నాకు ఆ పాఠం చెప్పారు. ఆమె పుట్టిల్లు అనకాపల్లి దగ్గర పల్లె. బెల్లం వండే ఇంట పుట్టి పెరిగినవారు. "ఏవమ్మా, పచ్చికట్టె పొయ్యిలో పెడితే నీళ్లు కాల్చినట్టే. మా నాన్న చెరకు పిప్పి గలగలలాడేదాకా ఎండితే గాని బెల్లం పొయ్యిలో వేయనిచ్చేవాడు కాదు. ముందు ఎండిందో లేదో చూడు, తరువాత చెట్టు పేరు అడుగు" అన్నారు. ఆమె చెప్పినవి, తరువాత నేను పెద్దలనూ గ్రంథాలనూ అడిగి తెలుసుకున్నవి కలిపి పాఠకులకు మనవి చేస్తున్నాను.

ఈ రోజులలో కట్టెల మాట ఎందుకని కొందరికి అనిపించవచ్చును. 1999లో దీపం పథకము, 2016లో ఉజ్వల పథకము వచ్చిన తరువాత గ్యాసు పొయ్యి లేని ఇల్లు అరుదు. అయినను కార్తీకమాసపు వేడినీళ్లకు, ఇంట కాచుకొనే తలనూనెకు, కషాయాలకు, శుభకార్యాల వంటలకు పెరటి పొయ్యి నేటికీ వెలుగుతూనే ఉన్నది. తుపానులు కూడా రాక మానవు.

మొదట తేమ, తరువాతే జాతి

బాగా ఎండిన తరువాత ఏ చెట్టు కట్టె అయినా, కిలోకు కిలో తూచి కాల్చితే, ఇచ్చే వేడిలో పెద్ద తేడా ఉండదు. సుమారు 4,000 నుండి 5,000 కిలోకేలరీల మధ్యనే ఉంటుంది. అసలు తేడా తేమ వలన వస్తుంది. అప్పుడే నరికిన కట్టెలో ఇంచుమించు సగం బరువు నీరే. ఒక కిలో నీరు ఆవిరి కావటానికే 540 కిలోకేలరీల వేడి ఖర్చవుతుంది. అంతకంటె పెద్ద నష్టం మరొకటి ఉన్నది. తడి వలన మంట చల్లబడి, కట్టెలోని వాయువులు పూర్తిగా మండక పొగగా మారి బయటికి వస్తాయి. మన కంటిని మండించేదీ, ఊపిరితిత్తులలో చేరేదీ ఆ మండని భాగమే. మా ఇంట తురాయి కొమ్మలు చేసిన పని అదే.

కట్టె ఎండినదో లేదో తెలుసుకొనుటకు గృహిణులు ఈ గుర్తులు చూడవచ్చును. చివరలు నెర్రెలు విచ్చి ఉండాలి. బెరడు సులువుగా ఊడి రావాలి. రెండు కట్టెలను ఒకదానితో ఒకటి కొట్టితే "టంగు"మని మ్రోగాలి. "దబ్బు"మంటే ఇంకా పచ్చి ఉన్నదని అర్థం. పొయ్యిలో పెట్టినపుడు కొసన నురుగు వస్తే దానిని వెంటనే తీసివేయాలి. చీల్చిన కట్టె త్వరగా ఎండుతుంది, దుంగ ఏళ్ల తరబడి ఎండదు. మన సముద్రతీరపు గాలిలో చెమ్మ ఎక్కువ గనుక నేలమీద పేర్చక, ఇటుకలమీద ఎత్తుగా, గాలి ఆడునట్లు, పైన రేకు కప్పి ఉంచాలి.

మన ప్రాంతపు కట్టెలు

సరుగుడు: భీమునిపట్నం మొదలు అనకాపల్లి, ఎలమంచిలి ఇసుక నేలల వరకు మనకు సుపరిచితమైన చెట్టు. కట్టె చిక్కనిది, బరువైనది. ప్రపంచంలోని ఉత్తమమైన వంటచెరకులలో ఒకటిగా నిపుణులు దీనిని లెక్కిస్తారు. వేడి అధికము, బూడిద స్వల్పము. నాలుగైదేళ్లలోనే కోతకు వస్తుంది. స్నానాల నీళ్లకు, పెద్ద వంటలకు శ్రేష్ఠము. మంట తీవ్రమైనది గనుక చిన్న గిన్నెల క్రింద ఒకటి రెండు సన్నని పుల్లలు చాలును.

చింత, నల్లతుమ్మ: రెండూ గట్టి కట్టెలే. చింతను చీల్చుట కష్టము గాని, చీల్చి ఎండబెట్టినచో నిప్పు చాలాసేపు నిలుస్తుంది. నల్లతుమ్మ నిప్పులు కూడా అటువంటివే. పొలాల గట్లమీద పెరిగే సర్కారు తుమ్మ నిదానంగా, నిలకడగా మండుతుంది. ముళ్లతో మాత్రం జాగ్రత్త వహించాలి.

మామిడి: తేలికగా అంటుకుంటుంది. మధ్యరకపు వేడి. హోమాలలో సమిధలుగా వాడుట చేత దీని పొగ మంచిదని పలువురి నమ్మకము. వంటకు మంచి కట్టెయే గాని, దీని పొగను పనిగట్టుకొని పీల్చవలసిన అవసరము లేదు.

వేప: కట్టె మంచిదే, పొగ మాత్రం ఘాటైనది. వేప సర్వరోగనివారిణి గనుక దాని పొగ కూడా ఔషధమే అనుకొనుట పొరపాటు. దోమల కోసం వేపాకు పొగ వేసేవారు ఉబ్బసపు రోగులను, పసిపిల్లలను ఆ గదిలో ఉంచరాదు.

నీలగిరి, జామాయిల్: తైలము ఉండుట చేత త్వరగా అంటుకొని చిటపటలాడుతూ మండుతుంది. దీని తైలము ముక్కు దిబ్బడకు పనికివచ్చును గదా అని దీని పొగ కూడా పనికివస్తుందనుకోరాదు.

తాటిమట్టలు, కొబ్బరిమట్టలు: పొయ్యి రాజేయుటకు ఉత్తమము. గుప్పున మండి గుప్పున ఆరిపోతాయి. కొబ్బరి చిప్పల బొగ్గు మాత్రం మంచి నిప్పునిస్తుంది.

బూరుగు, మునగ, తురాయి: తేలిక కట్టెలు. ఎంత తెచ్చినా పొయ్యికి చాలవు. వేరే కట్టె లేనప్పుడే వాడదగినవి.

కషాయానికి, తైలానికి

ఔషధపాకంలో అగ్నికి మన గ్రంథాలు ఎంతో ప్రాముఖ్యమిచ్చినవి. శార్ఙ్గధర సంహిత ప్రకారము కషాయానికి ఒక పలము, అనగా సుమారు 48 గ్రాముల నలగగొట్టిన ద్రవ్యమునకు పదహారు రెట్లు నీరు పోసి, మట్టిపాత్రలో, మందాగ్నిపై ఎనిమిదవ వంతు మిగులునట్లు కాచాలి. మన లెక్కలో సుమారు 770 మిల్లీలీటర్ల నీరు 95 మిల్లీలీటర్లకు రావాలి. సరుగుడు మంటమీద పెట్టి అరగంటలో ముగిస్తే నీరు ఇగురుతుందే గాని, ద్రవ్యములోని సారము పూర్తిగా దిగదు. చింత లేక తుమ్మ కట్టెను ముందుగా మండించి, మంట తగ్గి ఎర్రని నిప్పులు మిగిలిన తరువాత పాత్రను ఎక్కించుట ఉత్తమ మార్గము. అప్పుడు పొగ ఉండదు, వేడి నిలకడగా ఉంటుంది.

తలకు, ఒంటికి నూనెలు కాచుకొనేటప్పుడు కూడా ఇదే పద్ధతి. తైలములోని కల్కమును వేళ్లతో నలిపితే వత్తివలె రావాలి. దానిని నిప్పుమీద వేస్తే చిటపట శబ్దము రాకూడదు. ఆ గుర్తు కనిపించిన వెంటనే దించివేయాలి. పెద్ద మంటమీద ఆ గడియ ఎప్పుడు దాటిపోయినదో తెలియదు, కల్కము మాడిపోతుంది.

పొయ్యిలో పెట్టరానివి

మా అత్తగారికి ప్రాణము మీదికి తెచ్చిన ఓడ పెట్టెల చెక్కల సంగతి తరువాత తెలిసినది. దేశాంతరము వెళ్లే సరుకుల చెక్కలకు పురుగు పట్టకుండా శుద్ధి చేసి ముద్ర వేస్తారు. "హెచ్.టి." అని ఉంటే వేడితో శుద్ధి చేసినదని, "ఎం.బి." అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ అనే విషవాయువుతో శుద్ధి చేసినదని అర్థము. ఏ చెక్కమీద ఏ రసాయనము ఒలికినదో, ఏ రంగు పూసినదో మనకు తెలియదు. రేవు పట్టణంలో ఇవి చౌకగా దొరుకుతాయి గనుక ఈ మాట ప్రత్యేకించి చెబుతున్నాను. మా ఇంటి చెక్కలమీద ఏ ముద్ర ఉన్నదో మేము చూడనైనా లేదు.

రంగు, వార్నిషు పూసిన పాత తలుపులు, ప్లైవుడ్ ముక్కలు, తారునూనె పట్టించిన పాత రైలు పట్టాల దిమ్మెలు ఎన్నడూ కాల్చరాదు. చెట్లలో గన్నేరు, పచ్చగన్నేరు విషవృక్షాలు. వాటి పుల్లనైనా వంట పొయ్యిలో పెట్టరాదు. జిల్లేడు, జెముడు వంటి పాలుగారే మొక్కలకు దూరంగా ఉండాలి. జీడిగింజల పైపెంకులలో చర్మాన్ని పొక్కించే నూనె ఉంటుంది. దాని పొగ కళ్లకు, గొంతుకు హానికరము.

పొగ గురించి సుశ్రుతుడు

పొగ వలన కలిగే బాధను సుశ్రుత సంహిత సూత్రస్థానములో "ధూమోపహతము" అని పేర్కొన్నారు. ఆయాసము, తుమ్ములు, దగ్గు, కన్నులు ఎర్రబడి మండుట, ఇతర వాసనలు తెలియకపోవుట, దప్పిక, మూర్ఛ దాని లక్షణాలు. ఈనాటి వైద్యులు చెప్పేదానికి ఇది ఎంత దగ్గరగా ఉన్నదో చూడండి. ఇంటిలోని పొయ్యి పొగ వలన 2020వ సంవత్సరంలో ప్రపంచమంతటా సుమారు 32 లక్షల మంది మరణించారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా.

పొగ పట్టినవారిని మొట్టమొదట ఆరుబయటికి తీసుకొని రావాలి. కన్నులను శుభ్రమైన చల్లని నీటితో కడగాలి. ఆయాసము తగ్గకున్నా, పెదవులు నీలివర్ణము దాల్చినా, మత్తుగా ఉన్నా గృహవైద్యము చేస్తూ కాలము గడపక వెంటనే ఆసుపత్రికి చేర్చాలి. ఉబ్బసమునకు వాడే మందులను, పీల్చే మందును ఎట్టి పరిస్థితిలోనూ మానరాదు.

మరొక ముఖ్యమైన హెచ్చరిక. బొగ్గుల కుంపటికి పొగ కనిపించదు గనుక అపాయము లేదనుకుంటాము. దాని నుండి వెలువడే కార్బన్ మోనాక్సైడ్ వాయువునకు రంగు లేదు, వాసన లేదు. తలుపులు మూసిన గదిలో, ముఖ్యంగా బాలింతలు, పసికందులు పడుకొనే గదిలో రాత్రివేళ కుంపటి ఉంచరాదు. సాంబ్రాణి వేసినా తలుపులు తెరచి, వెంటనే నిప్పులను బయట పెట్టాలి.

మా అత్తగారు ఆ తరువాత అయిదేళ్లు జీవించారు. ఏటా మాఘమాసములో పెరటి గోడవారగా సరుగుడు, చింత కట్టెలు చీల్పించి, తానే దగ్గర నిలబడి పేర్పించేవారు. "నిరుడు కొట్టినదే ఈ ఏడు కాల్చాలి" అనేవారు. ఆ కట్టెల వరుస ఈనాటికీ మా పెరటిలో ఉన్నది. పొయ్యిని మాత్రం వసారానుండి తీసి ఆరుబయట పెట్టుకున్నాము. గాలి ఇంటివైపు వీచిన రోజున దానిని వెలిగించము.