రెండు గడియారాలు, ఒక టేపు

పాత బీరువాలో ఒక డాట్ క్యాసెట్ దొరికిందనుకుందాం. 1990లలో ఎవరో శ్రద్ధగా రికార్డు చేసుకున్న గాత్ర కచేరీ. 1987లో సోనీ సంస్థ మార్కెట్లోకి తెచ్చిన ఈ పద్ధతిలో ధ్వని అంకెల రూపంలో టేపు మీద ఉంటుంది. ఆ యంత్రాల తయారీకి సోనీ 2005లో స్వస్తి చెప్పింది. పనిచేసే యంత్రం దొరకడమే కష్టం, టేపు మరోసారి సరిగా తిరుగుతుందన్న భరోసా లేదు. కాబట్టి దాన్ని కంప్యూటరులోకి ఎక్కించే పని మొదటిసారే సవ్యంగా జరగాలి.

అంకెలే కదా, డిజిటల్ ఆడియో కార్డుకు తీగ తగిలిస్తే ఉన్నవి ఉన్నట్టు వచ్చేస్తాయి అనుకుంటాం. తీరా విని చూస్తే ఆలాపన మధ్యలో, సుమారు సెకనుకొకసారి, చిన్న 'టిక్' శబ్దం. టేపు బాగానే ఉంది, తీగా బాగానే ఉంది. తప్పల్లా కార్డు సెట్టింగులలో 'క్లాక్ సోర్స్' అనే ఒక్క గడిలో ఉంది.

డాట్ యంత్రం సాధారణంగా ఒక్కో చానెల్‌కు సెకనుకు 48,000 శాంపిళ్ళు పంపుతుంది. ఈ లెక్క తప్పకుండా చూసేది దానిలోని క్వార్ట్జ్ స్ఫటికం. కార్డులోనూ అలాంటి స్ఫటికమే ఉంటుంది. కాని ఏ రెండు స్ఫటికాలూ అచ్చంగా ఒకే వేగంతో కంపించవు. పది లక్షల్లో 20 వంతుల తేడా ఉన్నా చాలు, సెకనుకు దాదాపు ఒక శాంపిల్ ఎక్కువో తక్కువో అవుతుంది. ఇల్లు కట్టేచోట ఇటుకలు విసిరే మనిషినీ, అందుకునే మనిషినీ తలచుకోండి. అందుకునేవాడు విసిరేవాడి ఊపును చూడకుండా తన లెక్కన చేతులు చాపితే, ఎప్పుడో ఒక ఇటుక నేల పాలవుతుంది. మనకు వినిపించిన 'టిక్' అదే.

ఎస్పీడిఫ్ తీగలో గడియారానికి వేరే దారి ఉండదు. ప్రతి బిట్టు మొదట్లో సంకేతం తిరగబడుతుంది, ఆ బిట్టు 1 అయితే మధ్యలో మరోసారి తిరగబడుతుంది. ఈ తిరుగుళ్ళ నుంచే కార్డు అవతలి తాళాన్ని రాబట్టుకోగలదు. అయితే అలా చేయమని మనం చెప్పాలి. 'ఇంటర్నల్' అంటే కార్డు సొంత స్ఫటికం, 'ఎక్స్‌టర్నల్' లేదా 'ఎస్పీడిఫ్' అంటే వచ్చే సంకేతం వెంట నడవడం. టేపు నుంచి తీసుకునేటప్పుడు రెండోదే పెట్టాలి. కార్డు నుంచి బయటికి పంపేటప్పుడు మళ్ళీ ఇంటర్నల్‌కు మార్చాలి.

తరువాతిది శాంపిల్ రేటు. వచ్చేది 48,000 అయితే రికార్డింగు ప్రోగ్రాములోనూ 48,000 ఉండాలి. సీడీకి అలవాటైన 44,100 అని వదిలేస్తే, గంట కచేరీ 65 నిమిషాల 18 సెకన్లకు సాగుతుంది, శ్రుతి ఒకటిన్నర స్వరస్థానం దాకా దిగుతుంది. ఆ గొంతు ఎవరిదో పోల్చుకోలేం. (ఈ 44,100 వీడియో టేపుల కాలపు వారసత్వం: సెకనుకు 50 ఫీల్డులు, ఫీల్డుకు 294 గీతలు, గీతకు 3 శాంపిళ్ళు.) కొన్ని టేపులు 44,100లోనో 32,000లోనో ఉంటాయి కనుక యంత్రం ముందున్న డిస్‌ప్లే చూడడం మంచిది.

ఇక బఫర్. పాడుతూ తన గొంతు తాను హెడ్‌ఫోనులో వినేవారికి 64 శాంపిళ్ళ బఫర్ కావాలి, ఆలస్యం 1.3 మిల్లీసెకన్లే. టేపు ఎక్కించేవారికి ఆ తొందర లేదు, 1024 పెట్టుకోవచ్చు. బఫర్ మరీ చిన్నదైతే కంప్యూటరు వేరే పనిలో పడినప్పుడు అప్పుడూ 'టిక్' మంటుంది. గుర్తు పట్టడం తేలికే: గడియారాల తగాదా అయితే శబ్దం ఇంచుమించు సమాన వ్యవధిలో వస్తుంది, బఫర్ తప్పయితే వేళాపాళా లేకుండా వస్తుంది.

ముందు ఏదైనా అక్కరలేని టేపు పెట్టి, రెండు నిమిషాలు రికార్డు చేసి హెడ్‌ఫోనుతో వినండి. మృదంగం మోగే చోట వినకండి, దాని దెబ్బల్లో 'టిక్' దాక్కుంటుంది. తంబూరా ఒక్కటే మోగే చోటు వెతకండి.