వేటలో సీసపు తూటా: హలాల్‌తో పాటు తయ్యిబ్

ఇస్లాం ధర్మం వేటను నిషేధించలేదు. అలాగని దానిని వేటగాడి ఇష్టానికీ వదిలివేయలేదు. ఇహ్రాం స్థితిలో ఉన్నవారు భూచర జంతువులను వేటాడరాదని, శిక్షణ పొందిన వేట జంతువులు పట్టి తెచ్చినదానిని అల్లాహ్ నామం ఉచ్చరించి భుజించవచ్చని, దెబ్బల వల్ల చచ్చిన జంతువు నిషిద్ధమని దివ్యఖుర్ఆన్‌లోని అల్ మాయిదా సూరా విశదపరుస్తోంది. తమకు ధర్మసమ్మతమైనవి ఏవని ప్రజలు అడిగినప్పుడు, ‘తయ్యిబాత్’ అంటే పరిశుద్ధమైన, మేలైన వస్తువులన్నీ ధర్మసమ్మతమేనన్న సమాధానం కూడా ఆ సూరాలోనే, వేటను గురించిన ఆయతులోనే ఉండడం గమనార్హం (5:4).

తుపాకి వాడుకలోకి వచ్చిన నాటి నుండి ధర్మవేత్తలు చర్చించిన ప్రధాన సమస్య, తూటా జంతువును ఎలా చంపుతుందన్నది. ఇటీవలి దశాబ్దాలలో దానికి మరో సమస్య తోడయింది. తూటా మాంసంలోనూ, నేలలోనూ, నీటిలోనూ ఏమి విడిచిపోతుందన్నదే ఆ సమస్య. సీసపు తూటాలను, ఛర్రాలను నిషేధించాలా వద్దా అని పాశ్చాత్య దేశాలలో సాగుతున్న వాదోపవాదాలకు మూలం ఇదే.

సీసం స్వభావం

సీసం మెత్తని లోహం. 327 డిగ్రీల వేడికే కరుగుతుంది. ఇనుము నీటికంటె 7.8 రెట్లు బరువైతే, సీసం 11.3 రెట్లు బరువు. చౌకగా దొరుకుతుంది. బరువు ఎక్కువ గనుక చిన్న గుండు కూడా వేగం కోల్పోకుండా దూరం పోగలదు. మెత్తన గనుక తుపాకి గొట్టాన్ని అరగదీయదు. వందల ఏళ్ళుగా తూటాలకు సీసాన్నే వాడడానికి కారణాలివి.

అయితే శరీరానికి సీసం విషం. రూపంలో కాకపోయినా ప్రవర్తనలో అది కాల్షియాన్ని పోలి ఉంటుంది. అందువల్ల శరీరం దానిని ఎముకలలో దాచుకుంటుంది. గర్భిణిగా ఉన్న కాలంలో తల్లి ఎముకల నుండి అది తిరిగి రక్తంలో కలిసి గర్భస్థ శిశువును చేరగలదు. పసిపిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. పెద్దలలో రక్తపోటును పెంచి మూత్రపిండాలకు హాని చేస్తుంది. శరీర బరువులో కిలోకు వారానికి 25 మైక్రోగ్రాముల వరకు సీసాన్ని సహించవచ్చని లోగడ ఒక పరిమితి ఉండేది. ఆ పరిమితి ఆరోగ్యాన్ని కాపాడజాలదని తేలడంతో ఆహార, ఆరోగ్య ప్రపంచ సంస్థల ఉమ్మడి నిపుణుల సంఘం 2010లో దానిని రద్దు చేసింది. హాని చేయని సీసం మోతాదు అంటూ ఏదీ తెలియదన్నది నేటి వైద్యశాస్త్ర నిర్ణయం.

పక్షుల సంగతి

ఒక మామూలు తుపాకి తోటాలో సుమారు 30 గ్రాముల సీసపు ఛర్రాలుంటాయి. పేల్చినప్పుడు వాటిలో కొన్ని మాత్రమే పక్షిని తాకుతాయి. మిగిలినవి చెరువులలో, చిత్తడి నేలలలో రాలిపోతాయి. బాతులకు, హంసలకు పళ్ళు లేవు. గింజలను నూరుకోవడానికి అవి చిన్న చిన్న రాళ్ళను మింగి కందనకాయలో ఉంచుకుంటాయి. ఆ రాళ్ళనుకొని ఛర్రాలను మింగినప్పుడు, కందనకాయ ఒరిపిడికీ అక్కడి ఆమ్లానికీ సీసం అరిగి రక్తంలో కలుస్తుంది. బాతు చావడానికి కొద్దిపాటి ఛర్రాలు చాలు. ఈ సంగతి అమెరికాలో 19వ శతాబ్దం చివరి నాటికే గ్రహించబడింది.

శవాలను తిని బ్రతికే పక్షులకు ముప్పు మరో విధంగా కలుగుతుంది. వేటగాళ్ళు అడవిలో వదిలిన పేగులలోనూ, గాయపడి తప్పించుకొని తరువాత చచ్చిన జంతువులలోనూ ఉన్న తూటా ముక్కలను అవి మింగుతాయి. కాలిఫోర్నియా కాండార్ అనే పెద్ద రాబందు సంఖ్య 1982 నాటికి 22కు పడిపోయింది. 1987లో మిగిలిన పక్షులన్నింటినీ పట్టి పెంపకంలో ఉంచి, 1992 నుండి పిల్లలను తిరిగి అడవికి వదులుతూ వచ్చారు. అలా వదిలిన పక్షుల మరణాలకు ముఖ్య కారణం సీసపు విషమేనని తేలింది.

మాంసం మాటేమిటి?

రైఫిలు తూటా జంతువు శరీరంలో చొరబడగానే వ్యాకోచించి పగులుతుంది. దాని పొడి, కంటికి కనిపించనంత సన్నని ముక్కలు గాయానికి చాలా దూరం వరకు మాంసంలో చెదరిపోతాయి. 2008లో అమెరికాలోని ఉత్తర డకోటా రాష్ట్రంలో, పేదలకు దానంగా ఇచ్చిన దుప్పి మాంసం పొట్లాలను ఎక్స్‌రే తీయగా వాటిలో లోహపు ముక్కలు కనిపించాయి. ఆ మాంసాన్ని పంచవద్దని అధికారులు దానశాలలకు సలహా ఇచ్చారు. తరువాత ఏడు వందల మందికి పైగా రక్తాన్ని పరీక్షించగా, వేట మాంసం తినేవారి రక్తంలో సీసం తినని వారికంటె కొంత ఎక్కువగా ఉన్నట్లు వెల్లడైంది. ఆ తేడా చిన్నదే. కాని పసిపిల్లలకు, గర్భిణులకు చిన్నది కూడా చిన్నది కాదు.

చట్టాలు నడచిన దారి

అమెరికాలో నీటి పక్షుల వేటకు సీసపు ఛర్రాలు 1991 నుండి దేశమంతటా నిషిద్ధమయ్యాయి. డెన్మార్క్ 1996లో ఛర్రాలను ఎల్లెడలా నిషేధించింది. 2024 ఏప్రిల్ నుండి వేటలో వాడే సీసపు రైఫిలు తూటాలకు కూడా నిషేధాన్ని విస్తరించింది. కాలిఫోర్నియా 2013లో చేసిన చట్టం 2019 జూలై 1 నుండి పూర్తిగా అమలులోకి వచ్చి, ఏ వేటకైనా సీసం కూడదన్నది. యూరపు సమాఖ్యలో చిత్తడి నేలలలో సీసపు ఛర్రాల వాడకం 2023 ఫిబ్రవరి 15 నుండి ఆగిపోవాలని నిర్ణయమైంది. ఆఫ్రికా, యూరేషియా ఖండాల వలస నీటిపక్షుల ఒడంబడికలో ఈజిప్టు, జోర్డాన్ వంటి ముస్లిం దేశాలు కూడా భాగస్వాములు. చిత్తడి నేలల వేటలో సీసాన్ని తొలగించాలన్నది ఆ ఒడంబడిక లక్ష్యాలలో ఒకటి.

బ్రిటన్ అనుభవం వేరొక పాఠం నేర్పుతుంది. ఇంగ్లండులో 1999లోనే నీటి పక్షులపై సీసపు ఛర్రాలు నిషిద్ధమైనా, ఏళ్ళ తరువాత అంగళ్ళలో కొని పరీక్షించిన బాతులలో అధికభాగం సీసంతోనే కాల్చబడినవని తేలింది. 2020లో తొమ్మిది వేట, గ్రామీణ సంఘాలు ఐదేళ్ళలో స్వచ్ఛందంగా సీసాన్ని వదిలిపెడతామని ప్రకటించాయి. గడువు ముగిసే నాటికి కూడా పరీక్షించిన నెమలికోళ్ళలో దాదాపు అన్నింటిలో సీసమే కనిపించింది. చివరకు 2025 జూలైలో ప్రభుత్వం సీసపు ఛర్రాలనూ, పెద్ద తూటాలనూ నిషేధించనున్నట్లు, మార్పుకు మూడేళ్ళ గడువు ఇవ్వనున్నట్లు ప్రకటించింది. చిన్న తూటాలకు, ఎయిర్‌గన్ ఛర్రాలకు మాత్రం మినహాయింపు ఇచ్చింది.

ఎదుటి పక్షం వాదన

నిషేధాన్ని వ్యతిరేకించే వారి వాదన తేలికగా కొట్టివేయదగినది కాదు. ఉక్కు ఛర్రా తేలిక గనుక దూరం పోయేకొలదీ బలం తగ్గుతుంది. నేర్పు లేనివాడు వాడితే పక్షి చావక గాయపడి బాధపడుతుంది. పాత తుపాకుల గొట్టాలు ఉక్కుకు తట్టుకోలేవు. గట్టి లోహం రాయికి తగిలి ఎదురు తిరిగే ప్రమాదం ఉంది. బిస్మత్, టంగ్‌స్టన్ సీసానికి దీటైనవే గాని ఖరీదైనవి. వేట మాంసంపై ఆధారపడిన పేద గ్రామీణునికి ఈ ఖర్చు భారమే.

సమర్థించేవారు చెప్పేదేమంటే, ఉక్కు తేలిక గనుక కాస్త పెద్ద ఛర్రాను ఎన్నుకొని, దగ్గరగా వచ్చినప్పుడే కాల్చాలి. రైఫిలుకు రాగి తూటాలున్నాయి. అవి వ్యాకోచిస్తాయి గాని సీసం వలె పొడి పొడి కావు. డెన్మార్క్‌లో నిషేధం వచ్చి దాదాపు మూడు దశాబ్దాలు గడిచినా వేట ఆగిపోలేదు.

ఎయిర్‌గన్ విషయంలో చిక్కు మరింత సున్నితమైనది. దాని బలం తక్కువ గనుక సీసం వంటి మెత్తని, బరువైన లోహమే గొట్టంలో సరిగా ఇమిడి గురి తప్పకుండా పోతుంది. తగరంతో, జింకుతో చేసిన ఛర్రాలున్నా గురిలో వాటిది ఎక్కువగా వెనుకంజే. 2012 లండన్ ఒలింపిక్స్‌లో హైదరాబాదుకు చెందిన గగన్ నారంగ్‌కు కాంస్య పతకం తెచ్చిన 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీ వంటి క్రీడలో వెంట్రుకవాసి తేడా కూడా లెక్కకు వస్తుంది. అయితే కాల్పుల గదిలో ఛర్రాలు ఒకచోటనే పడతాయి. వాటిని పోగుచేసి కరిగించవచ్చు. చేతులు కడుక్కోవడం, గాలి ఆడేలా చూడడం, ఛర్రాలను నోట పెట్టుకోకపోవడం వంటి జాగ్రత్తలతో హానిని తగ్గించవచ్చు. తోటలో పావురాన్ని కొట్టిన ఛర్రాకు ఈ మాట వర్తించదు.

ఫిఖహ్ దృష్టిలో

హజ్రత్ అదీ బిన్ హాతిం (రజి) ‘మీరాద్’ అనే ఈకలు లేని బాణాన్ని గురించి అడగగా, దాని మొన తగిలి చీల్చితే తినవచ్చని, అడ్డంగా తగిలి చంపితే అది దెబ్బతో చచ్చినదేనని దైవప్రవక్త (సల్లం) తెలియజేసినట్లు సహీహ్ బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉంది. ఉండేలుతో విసిరే మట్టి ఉండను ధర్మవేత్తలు ఈ రెండవ కోవలో చేర్చారు. తుపాకి గుండు వచ్చిన తరువాత అభిప్రాయభేదం ఏర్పడింది. మాలికీ పండితుడు దర్దీర్, యెమెన్ పండితుడు షౌకానీ గుండు చీల్చుకుపోతుంది గనుక ధర్మసమ్మతమన్నారు. డమాస్కసు హనఫీ పండితుడు ఇబ్నె ఆబిదీన్ సీసపు గుండు మొనతో గాక బరువుతోనూ, వేడితోనూ చంపుతుందన్నారు. తరువాతి హనఫీ ఉలమాలో కొందరు మొనదేలిన తూటాను బాణంతో పోల్చారు. ఈ భేదం దృష్ట్యా, ముఖ్యంగా మొద్దు మొనగల ఎయిర్‌గన్ ఛర్రా విషయంలో, ప్రాణం ఉండగానే జబహ్ చేయడమే జాగ్రత్త.

కాని జబహ్ మాంసాన్ని హలాల్ చేస్తుందే గాని, అందులోని సీసాన్ని తొలగించదు. ఇక్కడనే ‘తయ్యిబ్’ అన్న షరతు గుర్తుకు రావాలి. తానుగా హాని పొందడం, ఇతరులకు హాని కలిగించడం రెండూ కూడవన్నది ప్రసిద్ధ హదీసు నుండి ఫిఖహ్ గ్రహించిన మూలసూత్రం. తమ చేతులతో తమను వినాశంలోకి నెట్టుకోరాదని అల్ బఖరా సూరా (2:195) ఆదేశిస్తోంది. ఔరంగజేబు కాలంలో సంకలితమైన ఫతావా ఆలంగీరీ మట్టి తినడాన్ని సైతం శరీరానికి హానికరమన్న కారణంగా మక్రూహ్‌గా ఎంచింది. మట్టి విషయంలో అంత జాగ్రత్త వహించిన ఫిఖహ్, సీసం విషయంలో ఉదాసీనంగా ఉంటుందని భావించలేము.

జంతువుల హక్కు మరొక అంశం. భూమిపై నడిచేవీ, రెక్కలతో ఎగిరేవీ మానవుల వలెనే సమూహాలని అల్ అన్ఆమ్ సూరా (6:38) తెలుపుతోంది. ప్రాణిని గురికి లక్ష్యంగా చేసుకోవడాన్నీ, ఆటకోసం పిచ్చుకను చంపడాన్నీ ప్రవక్త (సల్లం) వారించారు. గులకరాళ్ళు విసరడం వేటకూ పనికిరాదు, శత్రువునూ ఓడించదు, పల్లు విరచి కన్ను పొడుస్తుందని హెచ్చరించారు. వేటగాడు తినని బాతు, అతడు చూడని రాబందు అతని సీసంతో రోజుల తరబడి కృశించి చావడం అవసరం తీర్చుకోవడం కాదు, హాని చేయడమే.

ఆచరణలో

భారతదేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధించింది. ఆ చట్టం రక్షణ ఇచ్చిన పక్షిని ఎయిర్‌గన్‌తో కొట్టినా అది వేటే, నేరమే. 2021లో అరుణాచల్ ప్రదేశ్‌లో ప్రజలు స్వచ్ఛందంగా ఎయిర్‌గన్‌లను అప్పగించే ఉద్యమం మొదలైంది. పిల్లవాడికి ఎయిర్‌గన్ కొనిచ్చే తండ్రి దానిని పక్షుల వైపు తిప్పరాదని కూడా నేర్పవలసి ఉంటుంది.

వేటకు అనుమతి ఉన్న అమెరికా, బ్రిటన్ వంటి దేశాలలో స్థిరపడిన తెలుగు ముస్లిం కుటుంబాలకు వేట మాంసం కానుకగా రావడం కద్దు. జబహ్ జరిగిందా అని అడగడంతో పాటు, ఏ తూటా వాడారని కూడా అడగడం మేలు. సీసమైతే గాయం చుట్టూ విశాలంగా కోసి పారవేయాలి. కడిగితే ముక్కలు పోవు, పులుపు వేసి వండితే సీసం మరింత కరుగుతుంది. గర్భిణులకూ, పిల్లలకూ అటువంటి మాంసం పెట్టకపోవడమే క్షేమం. స్వయంగా వేటాడేవారు చట్టం వచ్చేవరకు వేచి ఉండనవసరం లేదు. బ్రిటన్‌లో వాగ్దానం విఫలమైంది మనుషులు ఎవరూ చూడని చోట మాట నిలుపుకోకపోవడం వల్లనే. అల్లాహ్ చూస్తున్నాడని నమ్మే విశ్వాసికి చెరువుగట్టున ఒంటరిగా ఉన్నప్పుడు కూడా తోటాలో ఏమున్నదన్నది ధర్మప్రశ్నే.

వాస్తవం అల్లాహ్‌కే బాగా తెలుసు.