స్విచ్చి సాకెట్టు

స్విచ్చి సాకెట్టు అనగా పక్కనే అమర్చిన స్విచ్చి ద్వారా విద్యుత్ ప్రవాహాన్ని నియంత్రించే గృహ విద్యుత్ సాకెట్టు. వాడుకలో దీనిని ప్లగ్గు పాయింటు అని కూడా అంటారు. భారతదేశంలో ఇళ్లకు 230 వోల్టుల, 50 హెర్ట్జ్‌ల ఏకాంతర విద్యుత్తు సరఫరా అవుతుంది. ఇక్కడ ప్రతి సాకెట్టుకు ఒక స్విచ్చి ఉండడం ఆనవాయితీ. అమెరికాలోని సాకెట్లకు సాధారణంగా స్విచ్చి ఉండదు.

నిర్మాణం

భారతీయ ప్రమాణం ఐఎస్ 1293 ప్రకారం గృహ సాకెట్లు ముఖ్యంగా రెండు రకాలు: 6 ఆంపియర్లవి, 16 ఆంపియర్లవి. మూడు రంధ్రాల సాకెట్టును ఎదురుగా చూసినపుడు పైనున్న పెద్ద రంధ్రం ఎర్తు, కుడివైపుది ఫేజు, ఎడమవైపుది న్యూట్రల్. ప్లగ్గులో ఎర్తు పిన్ను మిగతా వాటికంటే పొడవుగా, లావుగా ఉంటుంది. అందువలన ప్లగ్గు పెట్టినపుడు ఎర్తు ముందుగా కలుస్తుంది, తీసినపుడు చివరగా విడిపోతుంది.

స్విచ్చి ఉండవలసిన స్థానం

స్విచ్చి ఎల్లప్పుడూ ఫేజు తీగ మార్గంలోనే ఉండాలి. పొరపాటున న్యూట్రల్ మార్గంలో కలిపినా, స్విచ్చి ఆపగానే పరికరం ఆగిపోతుంది. కనుక లోపం పైకి కనిపించదు. కాని ఫేజు విద్యుత్తు పరికరం లోపలి వరకు వస్తూనే ఉంటుంది. స్విచ్చి ఆపామనే ధైర్యంతో దానిని విప్పినవారికి విద్యుదాఘాతం కలగవచ్చు.

ఉత్తర తెలంగాణలో వినియోగం

ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల ప్రాంతంలో వేసవి తీవ్రంగా ఉంటుంది. రామగుండం, ఆదిలాబాద్ వంటి చోట్ల ఉష్ణోగ్రత 45 డిగ్రీల సెల్సియస్ దాటిన సందర్భాలున్నాయి. అందుచేత ఇక్కడ కూలర్ల వాడకం ఎక్కువ. ఇనుప రేకు కూలరులో నీరు, విద్యుత్తు ఒకేచోట ఉంటాయి. దానిలో నీరు నింపే ముందు స్విచ్చి ఆపి, ప్లగ్గు కూడా తీయాలి. చలికాలంలో నీళ్లు కాచుకొనే 1500 వాట్ల హీటరు రాడ్డు దాదాపు 6.5 ఆంపియర్లు తీసుకుంటుంది. కనుక దానిని 6 ఆంపియర్ల సాకెట్టులో వాడరాదు.

మార్చే విధానం

స్విచ్చి లేని పాత సాకెట్టు స్థానంలో స్విచ్చి సాకెట్టు అమర్చేటపుడు ఈ క్రమాన్ని పాటిస్తారు.

1. మెయిన్ స్విచ్చి ఆపాలి. ఇన్వర్టరు ఉన్న ఇంట్లో దానిని కూడా ఆపి, దాని నుండి బోర్డుకు విద్యుత్తు రాకుండా చేయాలి. మెయిన్ ఆపినా ఇన్వర్టరు నుండి తీగలకు విద్యుత్తు వస్తుంది.
2. పనిచేస్తున్నదని ముందే పరీక్షించుకున్న టెస్టరుతో బోర్డులోని అన్ని తీగలను చూడాలి.
3. సాధారణంగా ఎరుపు ఫేజుకు, నలుపు న్యూట్రల్‌కు, ఆకుపచ్చ ఎర్తుకు వాడతారు. పాత ఇళ్లలో రంగును మాత్రమే నమ్మరాదు.
4. ఫేజు తీగను స్విచ్చి ఒక కొసకు కలిపి, రెండవ కొస నుండి చిన్న తీగను సాకెట్టు కుడి రంధ్రపు స్క్రూకు బిగించాలి. న్యూట్రల్, ఎర్తు తీగలు నేరుగా సాకెట్టుకు వెళతాయి.
5. స్క్రూలు వదులుగా ఉంటే వేడి పుట్టి బోర్డు కాలిపోతుంది. కనుక గట్టిగా బిగించాలి.

పరీక్ష

స్విచ్చి ఆపినపుడు ఏ రంధ్రంలోను టెస్టరు వెలగరాదు. వేసినపుడు కుడి రంధ్రంలో మాత్రమే వెలగాలి. స్విచ్చి ఆపినా కుడి రంధ్రంలో వెలిగితే ఫేజు తెగలేదని అర్థం. స్విచ్చి న్యూట్రల్‌పై ఉండవచ్చు. ఎర్తు సరిగా ఉన్నదీ లేనిదీ ఈ పరీక్షతో తెలియదు. దానిని ఎలక్ట్రీషియన్ కొలిచి చూడాలి.

నిబంధనలు, బాధ్యత

ఈ ప్రాంతంలో ఎక్కువ భాగానికి హన్మకొండ కేంద్రంగా గల ఉత్తర తెలంగాణ విద్యుత్ పంపిణీ సంస్థ, సిరిసిల్ల ప్రాంతానికి సహకార విద్యుత్ సరఫరా సంఘం విద్యుత్తును అందిస్తాయి. మీటరు తరువాతి ఇంటి వైరింగు బాధ్యత వినియోగదారునిదే. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ భద్రతా నిబంధనల ప్రకారం, సామర్థ్యం, స్వభావం మారకుండా ఒక స్విచ్చిని అటువంటి దానితోనే మార్చడానికి మినహాయింపు ఉంది. కొత్త పాయింటు వేయడం, 6 ఆంపియర్ల సాకెట్టును 16 ఆంపియర్లకు మార్చడం వంటి పనులను లైసెన్సు గల విద్యుత్ కాంట్రాక్టరు ద్వారా చేయించాలి. సన్నని పాత తీగపై పెద్ద సాకెట్టు బిగిస్తే, అది పనిచేస్తున్నట్లే కనిపించినా గోడలోని తీగ వేడెక్కి ప్రమాదానికి దారితీస్తుంది.