తెర వెలుగక మునుపటి మాటలు

హైదరాబాదునుండి పడమరగా పోవు జాతీయ రహదారి వెంట రామచంద్రాపురము, పటాన్‌చెరువు, ఇస్నాపూరు, రుద్రారము, కంది దాటి సంగారెడ్డి చేరువరకు కర్మాగారములు విరివిగా కనుపించును. కొన్నిట మందులు తయారగును, కొన్నిట ఇనుము పోతపోయుదురు, కొన్నిట సీసాలు నింపి పెట్టెలు కట్టుదురు. పని యేదైనను నేడు ఆ యంత్రములలో పెక్కింటి లోపల ఒక చిన్న కంప్యూటరు కలదు. అది మనము బల్లమీద చూచునట్టిది కాదు. అరచేతి వెడల్పు బోర్డు, దానిపై నాలుగైదు చిప్పులు, అంతియే. మోటారు ఎప్పుడు తిరుగవలెనో, వేడి ఎంతవరకు పెరుగవలెనో నిర్ణయించునది ఆ బోర్డే.

ఇట్టి యంత్రము ఒకనాటి ఉదయము, కరెంటు పోయి వచ్చిన పిమ్మట, లేవదనుకొందము. దీపము వెలుగును, లోపలి పంకా తిరుగును, తెర మాత్రము నల్లగానే యుండును. స్విచ్చి ఆర్పి మరల వేసినను అదే స్థితి. అప్పుడు సాధారణముగా జరుగునదేమి? బోర్డు చెడిపోయినదని నిశ్చయించి క్రొత్తదానికి కబురు పెట్టుదురు. అది వచ్చువరకు ఆ వరుసలో పని నిలిచిపోవును. దినకూలీలకు ఆ దినముల కూలి దక్కదు. పాత బోర్డు తుక్కులోనికి చేరును. నిజమునకు ఆ బోర్డు చెడిపోయి యుండకపోవచ్చును. తనకు కలిగిన చిక్కేమిటో అది చెప్పియే యుండవచ్చును. చెప్పిన మాట వినుటకు అచ్చట ఎవరును లేరు. ఆ మాట వినుట యెట్లో తెలుపుటయే మా యుద్దేశము.

కరెంటు తగిలిన క్షణమున కంప్యూటరునకు ఏమియు తెలియదు. తన యెదుట తెర యున్నదనిగాని, తనకు ర్యామ్ ఎంత యున్నదనిగాని అది యెరుగదు. చిప్పు తయారుచేసినవారు చెరిగిపోకుండ వ్రాసి యుంచిన కొన్ని ఆదేశములను, నిర్ణయింపబడిన ఒక చోటునుండి చదువ నారంభించును. మొదట ర్యామును పనిలోనికి తెచ్చుకొనును. తరువాత బూట్‌లోడరు అను చిన్న ప్రోగ్రాము వంతు వచ్చును. అది కెర్నెలను పెద్ద ప్రోగ్రామును ఫ్లాష్ చిప్పునుండియో డిస్కునుండియో తెచ్చి ర్యాములో నుంచి, దానికి అధికారము నప్పగించి తాను తప్పుకొనును. కెర్నెలు ఒక్కొక్క అవయవమును పలుకరించుచు పోవును. గడియారము, డిస్కు, నెట్‌వర్కు, ఇట్లు చాల పని ముగిసిన పిమ్మటగాని తెర వంతు రాదు. పెండ్లియింట వంటవారు తెల్లవారకముందే పొయ్యి రాజవేయుదురు. పందిట్లో దీపములు వెలుగునప్పటికి సగము వంట ముగిసి యుండును. ఇదియు అట్టిదే.

తెరకు ఇంత ఆలస్య మేల? దానిపై ఒక్క అక్షరము కనుపించవలెనన్నను చాల హంగు కావలెను. తెరకు సంబంధించిన చిప్పు మేలుకొనవలెను, బొమ్మ నిలుపుటకు ర్యాములో చోటు కావలెను, ఆ చిప్పును నడుపు డ్రైవరు సిద్ధముగా నుండవలెను. వీనిలో ఏది లోపించినను తెర నల్లగనే యుండును.

అయినచో ఈలోపల కెర్నెలు పలికిన మాటలు ఏమగును? 1991లో ఫిన్లండు దేశమున లైనస్ టోర్వాల్డ్స్ అను విద్యార్థి ఆరంభించిన లినక్సు కెర్నెలు నేడు ఇట్టి బోర్డులలో ఎన్నింటనో పనిచేయుచున్నది. అది తాను చేయు పనులను ర్యాములో ఒక ప్రత్యేకమైన చోట వరుసగా వ్రాసికొనును. తెర సిద్ధమైన పిదప ఆ వ్రాతను అందరికిని చూపును. యంత్రము సుఖముగా లేచినచో ఏ చిక్కును లేదు. నడిమధ్యన ఆగిపోయినచో ఆ వ్రాత లోపలనే యుండిపోవును. మనము కరెంటు తీయగనే ర్యాముతోపాటు అదియు చెరిగిపోవును. ఎప్పుడు ఆ వ్రాత మిక్కిలి అవసరమో అప్పుడే అది మనకు దక్కదు.

అందుచేత ఇంజనీర్లు కంప్యూటరునకు తెరకంటె ఎంతో సులభమైన నోరు నొకదాని నమర్చిరి. దానిని సీరియల్ పోర్టు అందురు. చిప్పులో ఒక నిర్ణీతమైన చోట ఒక అక్షరమును వ్రాసినచో చాలును. ఆ అక్షరపు సంకేతములోని 8 బిట్లు ఒకదాని వెంట ఒకటిగా ఒకే తీగపై వెలుపలికి వచ్చును. దీనికి డిస్కు అక్కరలేదు, తెర అక్కరలేదు, తగిన ఏర్పాటున్నచో ర్యామ్ సిద్ధము కాకముందు సైతము ఇది పలుకగలదు.

ఈ పద్ధతి క్రొత్తది కాదు. రేడియో వార్తా విభాగములవారికి ఇది పాత చుట్టము. ఒకప్పుడు దూరపు వార్తలను పగలనక రాత్రియనక కాగితముపై టకటక కొట్టుచుండిన టెలిప్రింటరు పనిచేసినది ఈ విధముననే. ప్రతి అక్షరమునకు ముందు 'ఇదిగో వచ్చుచున్నది' అను ఒక సంజ్ఞ, వెనుక 'ముగిసినది' అను మరియొక సంజ్ఞ. నడుమ అక్షరము. వేగమును కొలుచుటకు వాడు బాడ్ అను మాట, 1874లో అయిదు గుర్తుల తంతి సంకేతమునకు పేటెంటు పొందిన ఫ్రెంచి ఇంజనీరు ఎమీల్ బోడో పేరునుండి వచ్చినది. 50 బాడ్ల టెలిప్రింటరు నిమిషమునకు సుమారు 400 అక్షరములు కొట్టెడిది. మన దేశమున ప్రజల తంతి సేవ 2013 జూలైలో ముగిసినది. ఆ పాత సంజ్ఞలు మాత్రము నేటి బోర్డులలో సజీవముగా నున్నవి.

మన హైదరాబాదునందును ఈ చరిత్రలో ఒక ఘట్టము కలదు. పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో జన్మించిన శాస్త్రవేత్త అయ్యగారి సాంబశివరావుగారు, మనమందరము ఏ.ఎస్. రావుగారని పిలుచువారు, 1967లో హైదరాబాదున ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియాను నెలకొల్పుటకు కారకులైరి. ట్రాంబేలోని అణుశాస్త్రజ్ఞుల కృషితో రూపొందిన టి.డి.సి. 12 అను 12 బిట్ల కంప్యూటరు 1969లో వెలువడినది. దానిని తయారుచేసి అందించినది ఈ సంస్థయే. ఆ తరమునకు చెందిన చిన్న కంప్యూటర్లలో చాలవాటికి నేటివంటి తెర లేదు. మనిషికిని యంత్రమునకును నడుమ రాయబారము నడపినది టెలిటైపు యంత్రము, అదియు సెకనుకు 10 అక్షరముల వేగముతో. కంప్యూటరు తన మాటలను తీగపై పంపుట ఆనాడు ముఖ్యమార్గము. తెరలు వచ్చిన పిదప అది పెరటి తలుపైనది. లినక్సులో ఈ తీగను నేటికిని టి.టి.వై. అని వ్యవహరించుట ఆ టెలిటైపు జ్ఞాపకమే.

ఇక తీగ కలుపు విధము. బోర్డు అంచున నాలుగు చిన్న రాగి చుక్కలో, నాలుగు సూదులో వరుసగా నుండును. వానిలో మనకు కావలసినవి మూడు: పలుకునది, వినునది, భూమి. కేబులు రెండవ కొన మన ల్యాప్‌టాప్ యు.ఎస్.బి. రంధ్రములో నుండును. బోర్డు పలుకు తీగను మనము వినుదానికి, మనము పలుకు దానిని బోర్డు వినుదానికి కలుపవలెను. ఒకరి నోరు రెండవవారి చెవి దగ్గర నుండవలెను గదా! భూమి తీగ కలుపుట మరచినచో మాటలు చెదరిపోవును. నాలుగవది కరెంటు సూది. బోర్డునకు తన కరెంటు తనకున్నది గనుక దాని జోలికి పోరాదు.

ఇచ్చట హెచ్చరిక యొకటి కలదు. నేటి బోర్డులలో పెక్కింటి సంకేతము 3.3 వోల్టులు, కొన్నిట 1.8 మాత్రమే. 1960లో వెలువడిన ఆర్.ఎస్. 232 ప్రమాణమును అనుసరించు పాత కేబులు ధన, ఋణములుగా 15 వోల్టుల వరకు పంపవచ్చును. దానిని తిన్నగా కలిపినచో వినవలెనని పోయి నోరే కాల్చినవార మగుదుము. ముందు మీటరుతో కొలిచి, తగిన కేబులును ఎన్నుకొనవలెను.

తరువాత వేగము. రెండు కొనలకును నడుమ గడియారపు తీగ లేదు. ఎవరి కాలము వారే లెక్కించుకొందురు. కావున వేగము ఇరువైపుల ఒకటే కావలెను. నేడు ఎక్కువగా వాడునది 115200. అక్షరమునకు ముందు వెనుక సంజ్ఞలతో కలిసి 10 బిట్లు గనుక సెకనుకు 11520 అక్షరములు వచ్చును. వేగము తప్పినచో తెరపై పిచ్చి గుర్తులు వర్షించును. రేడియో ముల్లు రెండు స్టేషన్ల నడుమ నిలిచినప్పుడు గరగర వినిపించునట్లే. ముల్లు సరియైన చోటికి రాగానే మాట స్పష్టమగును. పిచ్చి గుర్తులు వచ్చుట నిరాశకు కారణము కాదు. అచ్చట ఎవరో పలుకుచున్నారనుటకు అది గుర్తు కావచ్చును.

కేబులు కలిపి, ల్యాప్‌టాప్‌లో వచ్చిన ప్రతి అక్షరమును ఫైలులో వ్రాయు ఏర్పాటు చేసి, అటుపిమ్మట మాత్రమే యంత్రపు స్విచ్చి వేయవలెను. ఈ క్రమము తప్పినచో మొదటి మాటలు జారిపోవును. కెర్నెలునకు ముందుగానే ఒక ఆజ్ఞ నీయవలసి యుండును. మామూలుగా అది సీరియల్ డ్రైవరు సిద్ధమైన తరువాతనే తీగపై పలుకును. ఎర్లీకాన్ అను ఆజ్ఞ నిచ్చినచో ఆ డ్రైవరుకొరకు ఆగక, చాల ముందునుండియే, ఒక్కొక్క అక్షరము వెలుపలికి పోవువరకు వేచి పలుకును. దీనివలన లేచుట కొంత ఆలస్యమగును. కాని మనకు చేరిన కడపటి మాట యంత్రము పలికిన కడపటి మాటకు మిక్కిలి దగ్గరగా నుండును.

ఇట్లు దొరికిన వ్రాతలో ప్రతి పంక్తికి ముందు సెకనుల లెక్క యుండును. దానిని చదువుటలో మెలకువ కావలెను. చివరి పంక్తిలో నున్న పేరే దోషి పేరని తొందరపడరాదు. ఆ పంక్తి పలికిన పని ముగిసి యుండవచ్చును. దోషము దాని తరువాతి మౌనములో నుండును. అందుచేత సరిగా లేచు యంత్రపు వ్రాతను ఒకదానిని ముందే తీసి దాచుకొని, రెంటిని ప్రక్కప్రక్కన నుంచి చూడవలెను. మంచిదానిలో నుండి చెడ్డదానిలో లేని మొదటి పంక్తి యేదో అదియే మార్గము చూపును. ర్యామ్ దగ్గర ఆగినచో ఒక సంగతి. కెర్నెలు సుఖముగా వచ్చి, తన ఫైళ్ళున్న చోటు దొరకలేదని చెప్పి ఆగినచో వేరొక సంగతి. ఈ రెండవ చిక్కునకు కారణము కరెంటు అర్ధాంతరముగా పోవుటచే చెదరిన ఫైళ్ళు కావచ్చును. అప్పుడు ఆ ఫైళ్ళను తిరిగి వ్రాసినచో చాలును. బోర్డు పారవేయనక్కరలేదు.

నేటి ల్యాప్‌టాప్‌లకు చాలవాటికి సీరియల్ పోర్టే లేదు. వానికొరకు యు.ఎస్.బి. రంధ్రమునుండియే తొలిమాటలు పంపు పద్ధతి కలదు. యు.ఎస్.బి. 2.0 యంత్రములలో దీనికి నడుమ ఒక ప్రత్యేక పరికరము కావలెను. మామూలు కేబులు పనికిరాదు.

ఇట్టి విద్యకు ఈ ప్రాంతమున ప్రయోజనము పెరుగుచునే యున్నది. 2008లో ఎద్దుమైలారము ఆయుధ కర్మాగారపు ఆవరణలో ఆరంభమై, తరువాత కంది చేరిన ఐ.ఐ.టి.లో, చోదకుడు లేని వాహనములను, డ్రోనులను పరీక్షించు తిహాన్ ప్రాంగణము 2022 జూలైలో ప్రారంభమైనది. అట్టి వాహనములలోని బోర్డులకు తెరలతో పనిలేదు. అవి లేవకున్నచో కారణము చెప్పగలది ఈ తీగయే. అయితే పెరటి తలుపు ఇంటివారికి దారియైనట్లే దొంగకును దారి కావచ్చును. ఈ తీగద్వారా యంత్రమునకు ఆజ్ఞలు నిచ్చుటయు సాధ్యమే గనుక, తయారీదారులు కొందరు దీనిని మూసివేయుదురు. ఆ భయము నిరాధారము కాదు. కాని బొత్తిగా మూసినచో బాగుచేయువాని చేయి కట్టినట్లగును. మన ప్రభుత్వము 2022 డిసెంబరులో వస్తువులను బాగుచేయించుకొను హక్కునకై ఒక పోర్టలు తెరచినది. ఆజ్ఞలు నిచ్చు దారికి తాళము వేసి, మాట వినుదారిని తెరచి యుంచుట ఇరువురకును మేలు.

మీ యింట గోడకు తగిలించిన వైఫై పెట్టెలోను, టీవీ క్రింది సెట్‌టాప్ పెట్టెలోను ఇట్టి రాగి చుక్కలు ఉండవచ్చును. కరెంటు భయమున్నది గనుక వానిని మీరు విప్పవలదు. కాని ఆ పెట్టె మూగవోయినప్పుడు, మార్చవలసినదే యని దుకాణమువారు చెప్పగానే తల యూపక, 'అయ్యా, దీని సీరియల్ మాటలు విని చూచితిరా?' అని ఒక్కమారు అడుగుడు. పనితెలిసినవాడు ఆ ప్రశ్నకు సంతోషించును. పటాన్‌చెరువు షెడ్డులలో పనిచేయు ఐ.టి.ఐ., డిప్లొమా కుర్రవారికి ఈ పని నేర్పుటకు కావలసినది చౌకైన ఒక కేబులు, ఒక పాత ల్యాప్‌టాప్, కొంత ఓపిక. ఒక పనివరుస ఒక్కదినము నిలిచిపోవుటతో పోల్చినచో అది పెద్ద వ్యయము కాదు.