మళ్లీ సొంత పొయ్యి దగ్గరికి

ఛత్తీస్‌గఢ్‌లోని జగర్గుండాలో 2006లో మూతపడిన బడి 2019లో గానీ మళ్లీ తెరుచుకోలేదు. మూతపడిన ఏడు ఒకటో తరగతిలో చేరాల్సిన పిల్లలకు అప్పటికి పెళ్లీడు వచ్చేసింది.

2005లో సల్వాజుడుం మొదలయ్యాక జగర్గుండా ముళ్లకంచె నడుమ శిబిరమైంది. దక్షిణ బస్తర్‌లో వందలాది పల్లెలు ఖాళీ అయ్యాయి. కొందరు శిబిరాలకు, కొందరు అడవిలోకి, మరికొందరు అప్పటి ఖమ్మం జిల్లాకు చెదిరిపోయారు. సరిహద్దు దాటినవారికి మిరప తోటల్లో కూలే దిక్కయింది.

ఇలాంటి చోట కుటుంబాన్ని ఆదుకోవడమంటే ఏమిటి? బియ్యం, దుప్పట్లు పంచడమేనా? దంతెవాడ ప్రాంతంలో 1992 నుంచీ పనిచేసిన గాంధేయవాది హిమాంశు కుమార్ నడిపిన వనవాసీ చేతనా ఆశ్రమం జవాబు వేరు: చెదిరిన కుటుంబాన్ని సొంత ఊరికి చేర్చాలి. 2008లో నేండ్ర గ్రామస్థులు తిరిగొచ్చినప్పుడు ఆశ్రమం కార్యకర్తలు వారి మధ్యే మకాం వేశారు. దాడి జరిగితే ముందు తామే ఎదురవ్వాలన్నది వారి ఉద్దేశం. బీడుపడ్డ పొలాల్లో మళ్లీ నాగళ్లు కదిలాయి.

2009 మేలో అధికారులు ఆశ్రమాన్ని నేలమట్టం చేశారు. ఆ తర్వాత హిమాంశు దంతెవాడ విడిచి వెళ్లాల్సి వచ్చింది. గిరిజన యువకులను ప్రత్యేక పోలీసులుగా నియమించి ఆయుధాలివ్వడం రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు 2011లో తేల్చింది.

బడి తెరవడానికి గది, పంతులు చాలు. ఊరు నిలబడాలంటే మాత్రం భయం లేకుండా పొయ్యి రాజేసుకునే ధైర్యం కావాలి. ఆశ్రమం నేండ్రలో ఇవ్వాలనుకున్నది అదే.